టిస్ సోషల్ వర్క్ పూర్వ విద్యార్థులు: కొత్తగా చేరేవారికి ఎంత ఉపయోగం?

సోషల్ వర్క్ నేర్పే చోట పూర్వ విద్యార్థుల బంధం ఎంత గట్టిగా ఉందో తెలియాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఏడాది అక్కడి పిల్లల్లో ఎంతమందికి ఫీల్డ్‌వర్క్‌లో పాత విద్యార్థులు సూపర్‌వైజర్లుగా ఉన్నారు? సమ్మేళనానికి ఎంతమంది వచ్చారు, ఎవరికి శాలువా కప్పారు, వాట్సాప్ గ్రూపులో ఎన్ని వందల మంది ఉన్నారు అన్న లెక్కలన్నీ ఆ తర్వాతే. ఇంజనీరింగ్ కాలేజీలో పాత విద్యార్థి తన కంపెనీలో ఒక రెఫరల్ పెడితే గొప్ప సాయం చేసినట్టు. సోషల్ వర్క్‌లో ఆయన చేతిలో అంతకన్నా పెద్ద బాధ్యత ఉంటుంది. విద్యార్థి వారానికి రెండు రోజులు గడిపేది ఆయన పనిచేసే ఆసుపత్రిలో, జైలులో, బస్తీలో. ఆ రెండు రోజులు దండగైతే ఎంత మంచి లెక్చరర్ ఉన్నా చదువు సగమే.

ఈ కొలతతో చూస్తే ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు, అంటే టిస్‌కు, మన దేశంలో పోటీ వచ్చే సంస్థలు చాలా తక్కువ. అందుకు కారణం పేరుప్రతిష్ఠలు అనుకుంటారు కానీ, అసలు కారణం వయసు, పనిచేసే తీరు. 1936లో బైకుల్లా దగ్గరి నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్‌లో, 20 మంది విద్యార్థులతో, సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌గా ఇది మొదలైంది. మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అప్పటికే ఆ కార్మికవాడలో సేవాకేంద్రం నడుపుతున్న అమెరికన్. అంటే ఆ స్కూలు బస్తీ మధ్యలోనే పుట్టింది. 1944లో ఇప్పటి పేరు వచ్చింది, 1964లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా దక్కింది. ఇంత సుదీర్ఘ చరిత్ర ఉన్నప్పుడు ముంబయిలో ఏ పెద్ద ఆసుపత్రి సోషల్ వర్క్ విభాగానికి వెళ్లినా ఇక్కడ చదివినవాళ్లు తగలడంలో ఆశ్చర్యం లేదు.

సాధించినవాటి సంగతికొస్తే, ఏ జాబితా తిరగేసినా ముందు వరుసలో ఉండే పేరు మేధా పాట్కర్. ఇక్కడే సోషల్ వర్క్‌లో ఎంఏ చేశారు. నర్మదా ఆనకట్టల నిర్వాసితుల కోసం ఆమె నడిపిన నర్మదా బచావో ఆందోళనకు 1991లో రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది, ఆ తర్వాత ఆమె వరల్డ్ కమిషన్ ఆన్ డ్యామ్స్‌లో సభ్యురాలిగా ఉన్నారు. సర్కారు సొమ్ముతో నడిచే సంస్థ, సర్కారు ప్రాజెక్టునే నిలదీసిన మనిషిని మావాళ్లు అని చెప్పుకోవడం ఒక ఎత్తు. ఆ నిర్వాసితుల సమస్యను తరగతి గదిలో చర్చకు పెట్టడం ఇంకో ఎత్తు. ఏ సోషల్ వర్క్ స్కూలునైనా ఈ రెండో ఎత్తు దగ్గరే పరీక్షించాలి.

అయితే టిస్ అసలు బలం ఒక్కొక్కరి పేరులో కనిపించదు. దాన్ని అక్కడ 'ఫీల్డ్ యాక్షన్ ప్రాజెక్ట్' అంటారు, ఎఫ్ఏపీ అని పొట్టిగా. దాని పద్ధతి ఇలా ఉంటుంది. సమాజంలో ఎవరూ పట్టించుకోని ఒక ఖాళీని అధ్యాపకులు గుర్తిస్తారు. చిన్న గ్రాంటుతో, ఇద్దరు ముగ్గురు సోషల్ వర్కర్లతో అక్కడ పని మొదలుపెడతారు. ఆ సోషల్ వర్కర్లు తరచూ అప్పుడే కోర్సు పూర్తిచేసిన విద్యార్థులే. మరుసటి ఏడాది బ్యాచ్‌ను వాళ్ల దగ్గరికే ఫీల్డ్‌వర్క్‌కు పంపుతారు. పని నిలదొక్కుకున్నాక దాన్ని ప్రభుత్వం తీసుకునేలా చూస్తారు. అంటే పూర్వ విద్యార్థి, ప్రస్తుత విద్యార్థి, అధ్యాపకుడు ఒకే టేబుల్ దగ్గర ఒకే కేసు గురించి మాట్లాడుకుంటారు. ఇంతకు మించిన అలుమ్ని మీట్ ఏముంటుంది?

ఈ ఆనవాయితీ పాతదే. 1937లోనే ఇక్కడ చైల్డ్ గైడెన్స్ క్లినిక్ పెట్టారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. 1984లో ముంబయి పోలీస్ కమిషనర్ ఆఫీసు ఆవరణలో మహిళలు, పిల్లల కోసం స్పెషల్ సెల్ వచ్చింది. అందులో కూర్చునేవాళ్లు పోలీసులు కారు, శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు. భర్త కొడుతున్నాడని వచ్చిన మనిషి మాట పూర్తిగా వినడం, ఆమెకు ఏం కావాలో ఆమె నోటే తేల్చడం, స్త్రీధనం తిరిగి ఇప్పించడం, కేసు పెట్టాలంటే న్యాయసహాయానికి దారి చూపడం వాళ్ల పని. 'సర్దుకుపొమ్మ'ని ఇంటికి పంపే రాజీ కౌన్సెలింగ్‌కూ దీనికీ తేడా తెలియాలంటే ఒక విద్యార్థి అక్కడ కనీసం ఒక సెమిస్టర్ కూర్చోవాలి. ఆ తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వమే ఈ సెల్‌లను తన వ్యవస్థలో కలుపుకుంది.

1990లో మొదలైన మరో ప్రాజెక్టు ప్రయాస్ జైళ్లలో మగ్గే విచారణ ఖైదీలతో పనిచేస్తుంది. చిన్న నేరానికి పట్టుబడి, బెయిలు వచ్చినా పూచీకత్తు ఇచ్చే దిక్కులేక లోపలే ఉండిపోయినవాళ్లకు న్యాయవాదిని చూడటం, ఇంటివాళ్లకు కబురు చేయడం, విడుదలయ్యాక పని చూపించడం దాని బాధ్యత. వీధి పిల్లల కోసం 1098 నంబరుతో చైల్డ్‌లైన్ అనే హెల్ప్‌లైన్ 1996లో ముంబయిలో మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన జెరూ బిల్లిమోరియా ఇక్కడ చదివి ఇక్కడే పాఠాలు చెప్పిన మనిషి. 'దస్-నౌ-ఆఠ్' అని వరుసగా దిగుతూ పలికే అంకెలు కాబట్టి బడి ముఖం చూడని పిల్లవాడికీ గుర్తుంటాయి. 2023 నుంచి ఆ సేవను కేంద్రం 112 అత్యవసర వ్యవస్థతో ముడిపెట్టి రాష్ట్రాల చేతుల్లోకి తెచ్చింది. ఊరూరా స్వచ్ఛంద సంస్థలు చేస్తూ వచ్చిన పని ప్రభుత్వ యంత్రాంగంలోకి వెళ్లాక ఫోను ఎత్తే తీరు మారిందా లేదా అన్నది ఇప్పటి విద్యార్థులకు మంచి పరిశోధనాంశం.

2006లో మొదలైన కోశిశ్ నిరాశ్రయులతో, భిక్షాటన చట్టాల కింద పట్టుబడ్డవాళ్లతో పనిచేస్తుంది. ఈ బృందమే బిహార్ ప్రభుత్వం కోసం అక్కడి వసతి గృహాలను సోషల్ ఆడిట్ చేసింది. ముజఫర్‌పుర్ బాలికల గృహంలో జరుగుతున్న లైంగిక హింస 2018లో బయటపడింది ఆ నివేదికతోనే. 2020లో ప్రధాన నిందితుడికి జీవితఖైదు పడింది. ఆడిట్ అంటే రిజిస్టర్లు తిరగేయడం, టాయిలెట్లు లెక్కపెట్టడం అనుకునేవాళ్లు ఈ ఉదంతాన్ని చదవాలి. సిబ్బందిని దూరంగా ఉంచి పిల్లలతో విడిగా మాట్లాడటం, వాళ్లు చెప్పినదాన్ని చెప్పినట్టే నమోదు చేయడం ఫీల్డ్‌వర్క్ రికార్డులు రాసి రాసి వచ్చే అలవాటు. సంస్థ సాధించినవాటిలో దేన్ని మొదట చెప్పాలంటే దీన్నే చెప్పాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వీటిలో చాలా ప్రాజెక్టులు బయటి నిధుల మీద బతుకుతాయి. 2024 జూన్ చివర్లో టాటా ట్రస్ట్స్ నిధుల విషయం తేలక వందమందికి పైగా ఒప్పంద అధ్యాపకులకు, సిబ్బందికి తొలగింపు నోటీసులు వెళ్లాయి. రెండు రోజుల్లోనే వాటిని వెనక్కి తీసుకున్నారు. నోటీసు వెనక్కి పోయినా ప్రశ్న మిగిలే ఉంది. గ్రాంటు ఏడాదికేడాది సాగే చోట అనుభవమున్న సోషల్ వర్కర్ ఎన్నాళ్లు ఆగుతాడు? ఆయన వెళ్లిపోతే ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్ కూడా పోయినట్టే.

రెండోది, ఒకే గొడుగు కింద రెండు రకాల పూర్వ విద్యార్థులు ఉండటం. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ 500 మంది, అంతకన్నా ఎక్కువ కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది. దాంతో సోషల్ వర్క్ స్కూళ్లలో లేబర్ వెల్ఫేర్ స్పెషలైజేషన్‌కు గిరాకీ వచ్చింది. అదే పెరిగి పెరిగి హెచ్‌ఆర్ కోర్సు అయింది. టిస్ హెచ్‌ఆర్ పట్టభద్రుల జీతం, జిల్లా ఆసుపత్రిలో కాంట్రాక్టు కౌన్సెలర్ జీతం ఒక తక్కెడలో తూగేవి కావు. విరాళాల పిలుపు, ఖరీదైన హోటల్లో డిన్నర్, ప్యానెల్ చర్చ, ఇవన్నీ సహజంగా మొదటివాళ్ల వైపు మొగ్గుతాయి. విశాఖలో కూడా ఇదే సంగతి. ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేసి పరిశ్రమల్లో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగాలకు వెళ్లినవాళ్లు ఒక దారి, కేజీహెచ్‌లోనో మానసిక వైద్యశాలలోనో పనిచేసేవాళ్లు ఇంకో దారి. సంఘం బాగా నడవాలంటే డబ్బు ఇవ్వగలిగినవాళ్ల దగ్గర డబ్బు, సమయం ఇవ్వగలిగినవాళ్ల దగ్గర సమయం తీసుకోవాలి. రెండింటినీ ఒకే రసీదు పుస్తకంలో రాయకూడదు. కొత్త లేబర్ కోడ్‌లో ఆ 500 హద్దు 250కి దిగింది కాబట్టి వెల్ఫేర్ ఆఫీసర్ ఉద్యోగాల గురించి పాత విద్యార్థులతో మాట్లాడించడానికి ఇది అదను.

సమయం అన్నాం కదా, అది ఎంతో లెక్క వేద్దాం. 60 మంది బ్యాచ్‌లో ఏజెన్సీకి, అంటే ఫీల్డ్‌వర్క్‌కు తీసుకునే సంస్థకు, ఇద్దరి చొప్పున పంపితే 30 ఏజెన్సీలు కావాలి. రెండో ఏడాది వాళ్లనూ కలిపితే 60. ప్రతి విద్యార్థితో సూపర్‌వైజర్ వారానికి ఒక గంట కాన్ఫరెన్స్ (విడిగా కూర్చుని చర్చ) పెట్టాలి, ఫీల్డ్‌వర్క్ రికార్డు చదివి పక్కన వ్యాఖ్య రాయాలి. ఇద్దరు విద్యార్థులంటే వారానికి మూడు గంటల పని. సెమిస్టర్‌కు 16 వారాలు వేసుకుంటే 48 గంటలు, అదీ జీతం రాని పని. ఇంత ఇచ్చే మనిషికి చాలాచోట్ల దక్కేది చివర్లో ఒక థాంక్యూ లెటర్. నియామక పత్రం, లైబ్రరీ కార్డు, ఏడాదికోసారి సూపర్‌వైజర్ల శిక్షణ, ప్రయాణ ఖర్చు ఇస్తే ఈ బంధం నిలుస్తుంది. ఇవ్వకపోతే మూడో ఏడాదికి 'మా ఆఫీసులో కుదరదండీ' అనే ఫోను వస్తుంది.

ఈ ఏర్పాటు తెగిపోయే చోట్లు కొన్ని ముందే కనిపెట్టొచ్చు. ఒప్పందం పూర్వ విద్యార్థి పేరు మీద ఉండి సంస్థ పేరు మీద లేకపోతే, ఆయన ఉద్యోగం మారిన రోజు విద్యార్థుల ఫీల్డ్‌వర్క్ ప్లేస్‌మెంట్ కూడా మారుతుంది. అందుకే లేఖ సంస్థ అధిపతికి రాసి, పూర్వ విద్యార్థి పేరును సూపర్‌వైజర్‌గా అందులో రాయాలి. ఇంకో ఇబ్బంది, సీనియర్ అన్న చనువుతో విద్యార్థిని డేటా ఎంట్రీకి, ఫొటోలు తీయడానికి, బ్యానర్లు కట్టడానికి వాడుకోవడం. మొదటి రెండు వారాల రికార్డుల్లో ఒక్క కుటుంబం పేరూ, ఒక్క ఇంటి సందర్శనా కనిపించకపోతే ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ వెంటనే వెళ్లి చూడాలి. పాత విద్యార్థి నొచ్చుకుంటాడని ఊరుకుంటే నష్టపోయేది పిల్లలు.

టిస్‌కు ముంబయిలో ఉన్న బలం దాని హైదరాబాద్ క్యాంపస్‌కు అంతే చిక్కగా ఉంటుందని అనుకోకూడదు. ఎనభై ఏళ్లకు పైబడిన పరిచయాలు ఒక్క ఊరిలో పేరుకున్నాయి. హైదరాబాద్‌లో చేరే తెలుగు విద్యార్థి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల ఉస్మానియా, రోడా మిస్త్రీ కాలేజీల్లో చదివినవాళ్లను కూడా తన సీనియర్లుగానే లెక్కపెట్టుకోవడం మంచిది. ఏ కాలేజీ అన్న పట్టింపు ఉద్యోగంలో చేరాక ఎవరికీ ఉండదు.

ఇక కాగితాల పని. సంఘాలు ఎక్కువగా తడబడేది, పాత విద్యార్థికి ఎక్కువ అవసరం పడేది ఇక్కడే. విదేశాల్లో సోషల్ వర్క్ చేయాలంటే డిగ్రీ సర్టిఫికెట్, మార్కుల మెమో చాలవు. అమెరికాలో బయటి డిగ్రీలను సీఎస్‌డబ్ల్యూఈ అనే సోషల్ వర్క్ విద్యా కౌన్సిల్ మదింపు చేస్తుంది, ఆపైన రాష్ట్ర లైసెన్సు పరీక్ష. అక్కడి ఎంఎస్‌డబ్ల్యూకు కనీస ఫీల్డ్‌వర్క్ 900 గంటలు. ఆస్ట్రేలియాలో 1000 గంటలు, అదీ రెండు చోట్ల. మన కోర్సులకు ఆ గంటలు ఉంటాయి. రోజుకు 7 గంటలు, వారానికి 2 రోజులు, 16 వారాలు, 4 సెమిస్టర్లు లెక్కేస్తే 896. దానికి నెల రోజుల బ్లాక్ ప్లేస్‌మెంట్ (తరగతులు లేకుండా వరుసగా చేసే ఫీల్డ్‌వర్క్), వారానికి ఆరు రోజులతో 168 గంటలు కలిపితే 1064. చిక్కేమిటంటే మెమోలో 'ఫీల్డ్‌వర్క్: 200కి 148' అని మార్కులుంటాయి తప్ప గంటలుండవు. డిజిలాకర్‌లో దొరికే డిగ్రీలోనూ ఉండవు.

కాబట్టి కోర్సు అయిపోయిన నెలలోనే లెటర్‌హెడ్ మీద ఒక పత్రం తీసుకోవాలి. సెమిస్టర్‌వారీగా ఏజెన్సీ పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మొత్తం గంటలు, సూపర్‌వైజర్ పేరు, ఆయన అర్హత అందులో ఉండాలి. ఆ సంవత్సరం అమల్లో ఉన్న సిలబస్ ప్రతి కూడా ముద్ర వేయించి దాచుకోవాలి. పదేళ్ల తర్వాత అడిగితే హెడ్ మారి ఉంటారు, సిలబస్ మారి ఉంటుంది, రికార్డులు ఏ స్టోర్‌రూమ్‌లో ఉన్నాయో చెప్పేవాళ్లే ఉండరు. పూర్వ విద్యార్థుల సంఘం ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఈ పత్రం నమూనా తయారుచేసి విభాగంతో ఆమోదింపజేయడం చేయాలి. పది సమ్మేళనాలకన్నా అది మేలు.

టిస్ విషయంలో ఇంకో చిన్న మెలిక ఉంది. ఇక్కడి డిగ్రీ పేరు ఎంఏ, ఎంఎస్‌డబ్ల్యూ కాదు. మన రాష్ట్రాల్లో కొన్ని నోటిఫికేషన్లలో 'ఎంఎస్‌డబ్ల్యూ' అని మాత్రమే రాస్తారు. దరఖాస్తు గడువు ముగిసే రోజు పరుగులు పెట్టకుండా తత్సమాన అర్హత లేఖ ముందే తీసిపెట్టుకోవాలి.

మన యూనివర్సిటీల్లో పూర్వ విద్యార్థుల సంఘం ఉన్నట్టుండి ఎందుకు పుడుతుందో తెలిసినవాళ్లకు తెలుసు. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ ప్రమాణాల్లో 5.4 అంశం అచ్చంగా అలుమ్ని గురించే. సంఘం రిజిస్టర్ అయిందా, ఏమైనా ఇచ్చిందా అని అడుగుతారు. బృందం వచ్చే ఆరు నెలల ముందు ఏడుగురితో సొసైటీ రిజిస్ట్రేషన్, ఒక ఫ్లెక్సీ, ఒక గ్రూప్ ఫొటో. చట్టప్రకారం ఏడుగురు చాలు. కానీ ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా, ఆడిట్ లెక్కలు రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఏ విభాగంలోనైనా సంఘం బతికుందో లేదో చూడాలంటే ఫొటో ఆల్బమ్ పక్కన పెట్టి గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టు అడగండి.

డబ్బు ఇవ్వాలనుకునేవారికి, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడ్డవారికి: భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారితే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దాని ఖాతాకే చేరాలి. కొత్తగా రిజిస్టరైన సంఘానికి ఇవి ఉండవు. బ్యాచ్‌మేట్లంతా కలిసి ఒకరి ఖాతాలో వేసి ఆయన చేత కట్టించడం మరీ తప్పు. అందులో ఒక్క విదేశీ పౌరుడున్నా సంఘం చిక్కుల్లో పడుతుంది. ఇక్కడ ఉన్నవారికి విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ) కావాలంటే సంస్థకు ఆ నమోదు ఉండాలి, నగదు 2000 రూపాయలు దాటకూడదు, పన్ను పాత విధానంలో కట్టాలి.

ఏ పేరుతో ఇవ్వాలి అంటే, బంగారు పతకం పెట్టడం ఆపి ఫీల్డ్‌వర్క్ ప్రయాణ భత్యానికి ఇవ్వండి. నగరంలో వారానికి రెండు రోజులు బస్సు, ఆటో కలిపి రోజుకు 100 రూపాయలు వేసుకున్నా సెమిస్టర్‌కు 3200. పది మంది విద్యార్థులకు ఏడాదికి 64000. ఆ డబ్బు లేకే ఊరి చివరి ఏజెన్సీకి వెళ్లాల్సిన పేద విద్యార్థి హాస్టల్ పక్కనున్న స్కూల్లో ప్లేస్‌మెంట్ అడుగుతాడు.